నిలబడి అరిగిన ఇంజను

గుడివాడ జీపుల స్టాండులో ఒక కథ చెప్తారు. నాగాయలంక వైపు రైతు ఒకాయన తన జీపు మీటరు వెనక్కి తిప్పించి అమ్మబోయాడట, ఫైనాన్సు ఆఫీసు మేడమ్ వచ్చి బానెట్ ఎత్తి ఒక్క చూపు చూసి పట్టేసిందట. ఆ మేడమ్ నేనే. కథ మాత్రం తప్పు. ఆ మీటరును ఎవరూ తిప్పలేదు. బండి షోరూము దాటిన రోజు నుంచి నేను చూసిన రోజు దాకా అది ఒక్క అంకె కూడా అబద్ధం చెప్పలేదు. ఇక ఒక్క చూపంటారా, నాకు రెండు రోజులు పట్టింది. రెండో రోజున కూడా నేను బండి కింద దూరి చూసినదానికంటే ఆ ఇంటి ఇల్లాలు కాఫీ గ్లాసులతో వచ్చి అన్న మాటే ఎక్కువ పని చేసింది. నన్ను పొగుడుతున్నారు కదా అని తప్పును ఒప్పుకునే అలవాటు నాకు లేదు. చెయ్యని పనికి ఒక మనిషికి చెడ్డపేరు పడింది. పాత బండి కొనేవాళ్ళు తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఆ కథలోంచి జారిపోయింది. అందుకని రాస్తున్నాను.

1998 జనవరిలో నన్ను గుడివాడ బ్రాంచికి వేశారు. హోదా వాల్యుయేషన్ ఇంజనీరు. మా సంస్థ పాత వాహనాలు కొనుక్కునేవాళ్ళకు అప్పులిచ్చేది. కొనేవాడు బండి చూసుకుని వస్తాడు, మేనేజరు కాగితాలు చూస్తారు, నేను బండి చూస్తాను. నా రిపోర్టులో తేల్చాల్సినవి రెండు: ఈ బండి ఎంత విలువ చేస్తుంది, అప్పు తీరేదాకా ఇంజను విప్పే అవసరం రాకుండా నడుస్తుందా. రెండోదానికి 'నడవదు' అని రాస్తే ఫైలు అక్కడే ఆగుతుంది. మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన ఆడవాళ్ళే అప్పట్లో తక్కువ, ఆ చదివిన కొద్దిమందీ డిజైను ఆఫీసుల్లో బొమ్మలు గీసేవారు. నేను జీపుల కింద పడుకునేదాన్ని. గుడివాడ, బందరు, దివిసీమ మొత్తం నా పరిధి.

పాత డీజిల్ బండి కొనేవాడు మొదట అడిగే ప్రశ్న ఎంత తిరిగిందని. అడగాల్సిందే. కాకపోతే అది సగం ప్రశ్న.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. సిలిండరులో గాలిని పిస్టను గట్టిగా నొక్కుతుంది, ఆ నొక్కుడుకి పుట్టిన వేడికే డీజిల్ అంటుకుంటుంది. దీన్ని కంప్రెషన్ అంటాం. అంత ఒత్తిడి తట్టుకోవాలి గనక ఇంజనును బరువుగా, మందంగా పోతపోస్తారు. పెట్రోలు ఇంజనుకంటే నిదానంగా తిరుగుతుంది, చాలా ఎక్కువ కాలం మన్నుతుంది. అయినా తిరిగేకొద్దీ పిస్టను రింగులూ సిలిండరు గోడలూ అరుగుతాయి. సందుల్లోంచి గాలి కిందికి జారిపోతుంది, కంప్రెషన్ పడిపోతుంది, పొద్దున్నే స్టార్టు కానని మొరాయిస్తుంది. అప్పుడిక ఇంజను దించి, సిలిండర్లు బోరింగు చేయించి, కొత్త పిస్టన్లు వేయించడమే. 'ఇంజను పని' అని డ్రైవర్లు నీరసంగా చెప్పుకునేది దీన్నే. ఆ పని జరిగినన్నాళ్ళూ బండి షెడ్డులో ఉంటుంది, డ్రైవరు షెడ్డు బయట ఉంటాడు.

మీటరు మీద ఒకే అంకె ఉన్న రెండు బండ్లు కూడా ఒకటి కావు. విజయవాడ రోడ్డు మీద టాప్ గేరులో సాగిపోయే బండి ఇంజను ఒక రకం, బందరు బజారులో పది అడుగులకోసారి క్లచ్చు తొక్కించుకుంటూ, వేడెక్కీ ఎక్కకముందే ఆగిపోయే బండి ఇంజను ఇంకో రకం. దీనికి తోడు మీటరు తిప్పేవాళ్ళు. అప్పట్లో అదేమంత పెద్ద విద్య కాదు, నాలుగు మరలు విప్పితే అంకెల చక్రాలు చేతికొస్తాయి. అందుకని మేము మీటరును నమ్మం, మీటరుకు సాక్ష్యం అడుగుతాం. క్లచ్చు పెడలు రబ్బరు అరిగిందా, గేరు రాడ్డు మీది అంకెలు చెరిగిపోయాయా, డ్రైవరు ఎక్కీ దిగీ సీటు కుడి అంచు కుంగిందా, తలుపు పట్టుకుని పైకి లేపితే కీళ్ళ దగ్గర ఆడుతుందా. మీటరు ముప్పై వేలంటుంటే పెడలు లక్షన్నర అందంటే ఎవరు నిజమో వేరే చెప్పక్కర్లేదు. ఈ పద్ధతి నన్ను ఎన్నడూ మోసం చెయ్యలేదు. నాంచారయ్య చూసుకొచ్చిన జీపు వచ్చేదాకా.

నాంచారయ్యది పెడన. నేతపని కుటుంబం. మగ్గం మీద ఇల్లు గడవక డ్రైవింగు నేర్చుకుని కొన్నేళ్ళుగా గుడివాడలో వేరేవాళ్ళ జీపు నడుపుతున్నాడు. ఆ ఓనరు జీపు అమ్మేస్తానని చెప్పడంతో, తనే సొంతంగా ఒకటి కొనుక్కుని పెళ్ళిళ్ళకీ ఆసుపత్రులకీ కిరాయికి తిప్పుకుందామని మా ఆఫీసుకు వచ్చాడు. ముందు కట్టాల్సిన వాటా కోసం మగ్గం అమ్మేశాడు. అంతవరకు అందరూ చేసేదే. ఆ పైన "గుంట కూడా పూడ్చేశానండీ" అన్నాడు. నేను మళ్ళీ అడిగి చెప్పించుకున్నాను. పెడన వైపు మగ్గం నేలలో తవ్విన గుంట మీద ఉంటుంది, నేసే మనిషి కాళ్ళు గుంటలో దించుకుని కూర్చుంటాడు. మగ్గం తీసేసినవాళ్ళు కూడా మామూలుగా గుంటను అలాగే వదిలి పైన చెక్కలు పరుచుకుంటారు, ఎప్పటికైనా మళ్ళీ బిగించుకోవచ్చని. ఇతను మట్టి పోసి, దిమ్మిస కొట్టించి, పైన నాపరాళ్ళు పరిపించేశాడు. 'ఇక నేత మాట ఎత్తకు' అని భార్యకు చెప్పాడట. వెనక్కి వెళ్ళే దారిని తనే మూసుకొచ్చిన మనిషి. కొన్న బండి మొదటి పెళ్ళిళ్ళ సీజనులోనే షెడ్డు పాలైతే అతనికి స్టీరింగూ ఉండదు, మగ్గమూ ఉండదు.

అతను చూసుకున్న జీపు నాగాయలంకకు కాస్త ఇవతల ఒక ఊళ్ళో, వెంకటరత్నం గారనే రైతు ఇంట్లో ఉంది. అరవై దాటిన మనిషి. వరి పొలం కాక రొయ్యల చెరువు కూడా ఉండేది. రొయ్యలు కలిసొచ్చిన ఏడాది జీపు కొత్తది కొన్నారు, రొయ్యలకు తెల్లమచ్చ రోగం వచ్చాక చెరువు ఎండగట్టేశారు, ఇప్పుడు జీపు అమ్ముతున్నారు. మేము వెళ్ళేసరికి దాన్ని కడిగించి వాకిట్లో నిలబెట్టారు. మీటరు మీద ముప్పై ఎనిమిది వేల చిల్లర.

"చూసుకోమ్మా తీరిగ్గా. మేమెక్కడికెళ్ళాం గనక. అవనిగడ్డ, మోపిదేవి, ఎప్పుడన్నా బందరు. దీనికంటే మా పాలేరు సైకిలే ఎక్కువ తిరిగింది" అన్నారాయన.

నాంచారయ్య అప్పటికే మూడుసార్లు డ్రైవరు సీట్లో కూర్చుని దిగాడు. "వెనక సీట్లకి ప్లాస్టిక్కు కవర్లు కూడా విప్పలేదండీ" అని నా చెవిలో చెప్పాడు, ఎవరన్నా వింటే ధర పెరుగుతుందన్నట్టు.

నేను సాక్షుల్ని ఒక్కొక్కరినీ పిలిచాను. పెడలు రబ్బరు మీద గీతలు గీతల్లాగే ఉన్నాయి. గేరు రాడ్డు అంకెలు స్పష్టంగా ఉన్నాయి. సీటు కుంగలేదు. తలుపులు బిగువుగా ఉన్నాయి. టైర్లు కంపెనీ వేసినవే. మీటరు మరల మీద స్క్రూడ్రైవరు పెట్టిన ఆనవాలు లేదు. ఇంజను స్టార్టు చేయిస్తే ఒక్క తిప్పుకే అందుకుంది. నాంచారయ్య నా కలం వైపు చూస్తున్నాడు.

బానెట్ కింద చెయ్యి పెడితే ఇంజను వెచ్చగా తగిలింది. పొద్దున ఎక్కడికైనా వెళ్ళొచ్చారా అని అడిగాను. మీరొస్తున్నారని కాలవ దాకా తీసుకెళ్ళి కడిగించుకొచ్చానన్నారు. అది మర్యాదే కావచ్చు. కానీ వేడి మీదున్న డీజిల్ ఇంజను పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చుంటుంది, లోపలి సంగతి పైకి రానివ్వదు. రాత్రంతా చల్లారాక పొద్దున మొదటిసారి తిప్పినప్పుడే దాని వయసు తెలుస్తుంది. రేపు పొద్దున్నే వస్తాను, నేను వచ్చేదాకా స్టార్టు చెయ్యకండి బాబాయి గారూ అన్నాను.

ఆయనకు చిన్నతనమనిపించింది. "పిల్లని చూసుకోడానిక్కూడా ఇన్నిసార్లు రారు కదమ్మా."

"పిల్లకి నచ్చకపోతే పుట్టింటికి పోతుంది. ఇంజనుకి పుట్టిల్లు లేదు కదా బాబాయి గారూ" అన్నాను.

బస్సు దాకా నాంచారయ్య నాతో దెబ్బలాడుతూనే ఉన్నాడు. ఇంత మంచి బండిని అనుమానిస్తే ఆయన వేరేవాళ్ళకి ఇచ్చేస్తారని అతని భయం. ఆ రాత్రి అవనిగడ్డలో మా పిన్ని ఇంట్లో ఉండి, పొద్దున్నే మొదటి బస్సుకు మళ్ళీ వెళ్ళాను. నాంచారయ్య నాకంటే ముందే వచ్చి వాకిట్లో ఉన్నాడు. కాపలా ఉన్నాడో, అనుమానంతో ఉన్నాడో నేను అడగలేదు.

చల్లని ఇంజను చాలాసేపు మూలిగి, చివరికి అందుకుంది. వెనక గొట్టంలోంచి తెల్లగా, అందులో నీలం కలిసి, పొగ దట్టంగా వచ్చింది. కాస్త నిలదొక్కుకున్నాక నేను ఇంజను ఆయిలు పోసే కన్నం మూత విప్పి, తిరగేసి, బిగించకుండా ఊరికే ఆ కన్నం మీద పెట్టాను. పాత డీజిల్ బండి కొనే ఎవరైనా చెయ్యగలిగిన పరీక్ష ఇది. రింగులు బాగున్న ఇంజనులో ఆ మూత కొంచెం వణుకుతూ అక్కడే కూర్చుంటుంది. గాలి కిందికి జారిపోతున్న ఇంజనులో ఆ గాలి ఈ కన్నంలోంచే బయటికి తన్నుకొస్తుంది. ఇక్కడ మూత గెంతింది, రెండోసారి గెంతి కింద పడింది.

"గాలికేమోనండీ" అన్నాడు నాంచారయ్య.

"గాలికే. లోపల్నించి వచ్చేదానికి" అన్నాను.

తర్వాత ఒక్కో ఇంజెక్టరూ విప్పి గేజి పెట్టి కంప్రెషన్ చూశాను. నాలుగు సిలిండర్లలో ఒక్కటి కూడా ఉండాల్సిన దగ్గర లేదు. బజారు రోడ్ల మీద లక్షా యాభై వేలు, రెండు లక్షలు తిరిగిన ఇంజను ఇలా ఉంటుంది. ముప్పై ఎనిమిది వేలు తిరిగింది ఇలా ఉండదు. అప్పుడు నాకు వచ్చిన అనుమానం, ఎవరికైనా వచ్చేదే: ఇంజను మార్చారని. మంచి ఇంజను ఊడదీసి, పాతది బిగించడం జరిగేదే. ఇంజను దిమ్మ మీద చెక్కిన నంబరు తుడిచి చూశాను. రిజిస్ట్రేషను పుస్తకంలో ఉన్న నంబరే. మీటరు కేబులు ఊడదీసి నడిపారేమో చూశాను. బిగింపు దగ్గర మట్టి పేరుకుని ఉంది, ఎన్నడూ కదిపింది కాదు. పైగా కేబులు ఊడదీసి లక్ష నడిపితే పెడలు ఊరుకోదు.

అంటే బండి ఒళ్ళు చెప్పింది నిజం, ఇంజను చెప్పిందీ నిజం. రెండూ నిజం కావాలంటే బండి కదలకుండా ఇంజను నడిచి ఉండాలి. గోనెసంచి పరుచుకుని బండి ముందు భాగం కింద పడుకున్నాను. ఇంజను ముందు చివర ఫ్యాను బెల్టును తిప్పే పుల్లీ ఉంటుంది. దాని ముఖం మీద కంపెనీ వెయ్యని నాలుగు కంతలు, లోపల మర బిగించే గాడులు తీసి, పైన కొత్త రంగు పూసి ఉన్నాయి. బంపరు మధ్యలో, పాతకాలంలో హ్యాండిల్ పెట్టి తిప్పే చోట ఉండే కంతను గ్యాసు మంటతో కోసి వెడల్పు చేశారు, అంచులు ఆకురాయితో రాశారు. ఇంజను ముందు ఆయిల్ సీలు దగ్గర చెమర్చి ఉంది. ఒక పక్కకే లాగబడిన షాఫ్టు చేసే పని అది.

కింద నుంచే అడిగాను, బాబాయి గారూ ఈ పుల్లీకి ఏం బిగించారు అని.

ఆయన ఏమీ తడుముకోలేదు. "ఓ, అదా. చెరువుకి నీళ్ళు తోడామమ్మా. అవనిగడ్డలో లేతు పని చేసేవాడు ప్లేటు, షాఫ్టు చేసిచ్చాడు, దానికి బెల్టేసి పంపు తిప్పేవాళ్ళం. పోటు వచ్చినప్పుడు కాలవలోంచి నీళ్ళు ఎక్కించుకోవాలి, ఆ వేళకి కరెంటు ఉండేది కాదు. ఎప్పుడన్నా అవసరానికి కాసేపు పెట్టేవాళ్ళం."

అప్పుడే ఆయన భార్య జానకమ్మ గారు కాఫీ గ్లాసులు పట్టుకుని వచ్చారు. ఆవిడ నాతోనే అన్నారు గాని మాట ఆయనకు తగిలింది.

"కాసేపా? రెండు పంటలమ్మాయ్. ఆ డబడబ మోగుతుంటేనే నిద్ర పట్టేది నాకు, ఆగితే మెలకువొచ్చేది. ఆగిందంటే డీజిలయిపోయిందని నేను లేచి పాలేర్ని లేపేదాన్ని. ఈయన చెవుల్లో దూది పెట్టుకుని పడుకునేవారు, ఈయనకేం తెలుసు."

"నువ్వు లోపలికెళ్ళు."

"వెళ్తున్నా. కాఫీ తాగమ్మా, చల్లారిపోద్ది. ఒళ్ళంతా మసి చేసుకున్నావ్, సబ్బిస్తానుండు."

ఆవిడ నాకు ఇచ్చిన సాక్ష్యం ఏ గేజీ ఇవ్వలేదు. రెండు పంటలంటే దాదాపు ఏడాది కాలం, ఏ పూటా వదలకుండా. స్థిరంగా లోడు మీద తిరిగిన గంటను మేము ఉజ్జాయింపుగా నలభై యాభై కిలోమీటర్ల కింద చూస్తాం. అందరూ ఒప్పుకునే లెక్క కాదు, చేతికందే లెక్క. ఆ లెక్కన సగానికి సగం తగ్గించి వేసుకున్నా ఆ జీపు ఇంజను చెరువు గట్టు మీద నిలబడే దేశం చుట్టి వచ్చింది.

వెంకటరత్నం గారికి ఇది ఎక్కలేదు. తాటాకు పందిరి వేసి నీడలో నిలబెట్టామన్నారు. గోతుల్లో దిగలేదు, బరువు మొయ్యలేదు, నిలబడి తిరిగితే ఏమరుగుతుందన్నారు. నేను చెప్పాను: చక్రాలు కదిలాయో లేదో ఇంజనుకి తెలియదు, అది తిరిగిన ప్రతి గంటా దానికి ప్రయాణమే. రోడ్డు మీద ఎదురుగాలన్నా తగిలి చల్లబడుతుంది, గట్టు మీద అదీ లేదు. పైగా బెల్టు ఒక వైపుకే లాగుతుంటే ముందు బేరింగులు ఒక పక్కకే అరుగుతాయి.

"మరి ట్రాక్టరు కొనేటప్పుడు మీరేమడుగుతారు బాబాయి గారూ? ఎన్ని గంటలు నడిచిందని కాదూ?"

"ట్రాక్టరు వేరమ్మా. అది పని చేసేది. ఇది మనుషులెక్కేది."

నేను ఆ ఉద్యోగంలో విన్న మాటల్లో ఇంత స్పష్టంగా జబ్బు చెప్పిన మాట ఇంకొకటి లేదు. ఆయన దృష్టిలో ఇంజన్లు రెండు కులాలు. ట్రాక్టరుదీ, ఆయిలింజనుదీ గంటల్లో బతుకుతాయి, జీపుదీ కారుదీ కిలోమీటర్లలో బతుకుతాయి. జీపు ఇంజనుతో ట్రాక్టరు పని చేయించినా అది జీపు ఇంజనే. ఇది ఆయన ఒక్కరి పొరపాటు కాదు. రొయ్యల చెరువులున్న చోటల్లా చదువుకున్నవాళ్ళు కూడా ఇదే అనుకునేవారు. ఆయన మమ్మల్ని మోసం చేస్తున్నారని నాకు ఆ రోజు అనిపించలేదు. దాచే మనిషైతే అడగ్గానే లేతు పనివాడి ఊరుతో సహా చెప్పరు.

నాంచారయ్య కోపమంతా నా మీదే. వీధి మలుపు తిరగ్గానే ఆగిపోయాడు.

"మీకేంటండీ, కాదని రాసేసి బస్సెక్కుతారు. ఇంట్లో నాపరాళ్ళ మీద కూర్చుని సమాధానం చెప్పుకోవాల్సింది నేను. నాలుగు నెలలు లాగితే చాలు మేడంగారూ, పెళ్ళిళ్ళయ్యాక ఇంజను పని నేను చేయించుకుంటాను."

నాలుగు నెలలు లాగుతుందని మీరు రాసివ్వండి, కింద నేను సంతకం పెడతాను అన్నాను. అతను రాయలేదు. గుడివాడ దాకా బస్సులో నాకు దూరంగా, వెనక సీట్లో కూర్చున్నాడు.

ఆఫీసులో మా మేనేజరుతో ఇంకో విడత. ఆయన నెమ్మదస్తుడు, ఫారం దాటి ఆలోచించడం పాపమనుకునే రకం. మీటరు సరైనదే అంటున్నారు, కాగితాలు సరైనవే అంటున్నారు, మరి కుదరనిదేంటి మేడమ్ అని అడిగారు. ఇంజను నడిచిన గంటలన్నాను. ఫారంలో గంటలకు గడి లేదన్నారు. గడి లేకపోతే ఇంజను అరగడం మానేస్తుందా సార్ అన్నాను. గిలకలదిండిలో పడవల ఇంజన్లకు అప్పు అడిగితే కిలోమీటర్లు రాయమంటారా అని కూడా అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీతో వాదించడం కంటే ఫైలు ఆపడం తేలిక" అని ఆపేశారు. ఒప్పుకున్నారో, విసిగిపోయారో గాని పని జరిగింది.

ఇక్కడితో నా ఉద్యోగం అయిపోయినట్టే. కాదని రాయడం వరకే నా పని, బండి వెతికిపెట్టడం కాదు. కానీ అదే వారంలో గుడివాడలోనే ఒక రోడ్డు కాంట్రాక్టరు జీపు వాల్యుయేషనుకు వచ్చింది. మీటరు లక్షా డెబ్భై వేలు దాటింది. నాలుగేళ్ళు దాదాపు రోజూ విజయవాడ రోడ్డు మీద, ఒకే డ్రైవరు చేతిలో నడిచింది. పెడలు రబ్బరు బోడిగా ఉంది, సీటు చిరిగి స్పంజి కనిపిస్తోంది. పొద్దున్నే చల్లని ఇంజను తిప్పితే సగం తిప్పుకే అందుకుంది. నాంచారయ్యకు కబురు పెట్టాను.

అతను భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. దుర్గ పెడనలో కలంకారీ అద్దకం షెడ్డులో బట్టలుతికే పనికి వెళ్ళేది, రంగు చేతివేళ్ళకే ఉండిపోయింది. జీపు చుట్టూ ఒకసారి తిరిగి సీటు చూసి, "దీనికా గుంట పూడ్చింది?" అంది. గట్టిగా కూడా అనలేదు.

నాంచారయ్య తల వంచుకున్నాడు. "రెండు లక్షలకి దగ్గరైన ముసలిదండీ ఇది. స్టాండులో నవ్వుతారు."

నేను వాదించలేదు, ఆయిలు మూత విప్పి అతని చేతికిచ్చాను. నువ్వే పెట్టు అన్నాను, అప్పటిదాకా మీరు అనేదాన్ని. అతను మూత తిరగేసి కన్నం మీద పెట్టి, చెయ్యి అక్కడే ఉంచాడు, పడితే పట్టుకుందామన్నట్టు. మూత సన్నగా వణికింది, అక్కడే ఉంది. యాక్సిలరేటరు తొక్కించాను. అక్కడే ఉంది. అతను వంగి ముఖం దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఇంజను ఆపించి, కాసేపు ఆగి, మళ్ళీ తనే స్టార్టు చేసి, మళ్ళీ పెట్టి చూశాడు.

"గెంతట్లేదు" అన్నాడు భార్యతో.

"గెంతకపోతే?"

"మంచిది."

"మరి సీటో?"

"సీటు కుట్టించుకోవచ్చే. ఇంజను కుట్టించుకోలేం."

ఆ జీపే కొన్నాడు. ఆ వేసవి పెళ్ళిళ్ళన్నీ దాంతోనే నడిపాడు, తర్వాతి ఏళ్ళవీ. దానికి ఇంజను పని వచ్చేసరికి మా అప్పు తీరిపోయి చాలా కాలమైంది, అతను రెండో బండి బేరంలో ఉన్నాడు. పెడన ఇంట్లో ఆ నాపరాళ్ళు ఎవరూ పెకలించలేదు.

మీటరు తిప్పారన్న కథ ఎలా పుట్టిందో కూడా అతన్నే అడిగాను ఒకసారి. దాచకుండా చెప్పాడు. మొదట్లో స్టాండులో జరిగింది జరిగినట్టే చెప్పేవాడట. తిరగని బండి పాడైపోవడమేంటి, తిరిగిన బండి బాగుండటమేంటి, ఆ మేడమ్ నిన్ను బోల్తా కొట్టించిందని ఎగతాళి చేశారట. "మీటరు తిప్పారని చెప్పానండీ, అందరూ టక్కున నమ్మేశారు." నాకు ఒళ్ళు మండింది. అతన్ని నాలుగు తిట్టాను గాని కథ అప్పటికే నా చేతుల్లోంచీ అతని చేతుల్లోంచీ దాటిపోయింది. దొంగతనం అందరికీ అర్థమవుతుంది. అరుగుదలకి ఓపిక కావాలి.

ఆ తర్వాత నేను పద్ధతి మార్చుకున్నాను. ఎంత తిరిగిందని చివర్లో అడిగేదాన్ని. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజను ఏం చేసిందని మొదట అడిగేదాన్ని. గిలకలదిండిలో ఒక వ్యాను ఇంజను ఐసు దిమ్మలు పొడి చేసింది. పమిడిముక్కల దగ్గర ఇంకో బండి రెండు పంటకాలాలు వరి చేలకు నీళ్ళు తోడింది. మీటర్లన్నీ నిజమే చెప్పాయి. మీటరు చక్రాల సంగతి చెప్తుంది, చక్రాలు తిరగని గంటల సంగతి ఇంజను ఒక్కటే చెప్తుంది, అదీ చల్లగా ఉన్నప్పుడు అడిగితేనే. పాత డీజిల్ బండికి కిలోమీటర్లు చూడటం తప్పు కాదు. వాటితోనే సరిపెట్టుకోవడం తప్పు. నేను ఉద్యోగం వదిలి వచ్చేనాటికి కూడా మా ఫారంలో గంటలకు గడి పెట్టలేదు.

వెంకటరత్నం గారి జీపు ఆ ఏడే అమ్ముడైంది. కృష్ణకు అవతల, రేపల్లె వైపు మనిషి కొన్నాడని, రొక్కం ఇచ్చి తీసుకెళ్ళాడని విన్నాను. అప్పు లేదు గనక ఇంజనీరు చూసే పని లేదు. మీటరు అదే, పెడలు అదే, వెనక సీట్లకు ప్లాస్టిక్కు కవర్లు అవే. వెంకటరత్నం గారి గురించి నాగాయలంకలో ఎవర్నడిగినా ఒకటే చెప్తారు: గేదెను అమ్మితే ఎన్నో ఈత, పూటకెన్ని పాలు, పితికేటప్పుడు తన్నే అలవాటుందా, అన్నీ అడక్కుండానే చెప్పి మరీ పలుపు చేతికిచ్చే మనిషి. నాంచారయ్యకు అమ్మబోయినప్పుడు నిలబడి తిరిగితే ఇంజను అరుగుతుందని ఆయనకు తెలియదు, అది నేను ఎవరి ముందైనా చెప్తాను. రేపల్లె మనిషికి అమ్మేటప్పటికి తెలుసు, ఆయన వాకిట్లోనే గంటసేపు వాదించి నేనే చెప్పాను. ఆ మనిషికి ఆయన చెరువు సంగతి చెప్పే తాళాలిచ్చారా?